మాత్రలు రాసిచ్చినారు, పని ఎవరు రాసియ్యాల?

దీపావళి దాటితే పత్తికి, సంక్రాంతి దాటితే మిరపకు. కోసిగి చుట్టుపక్కల పల్లెల్లో ఏడాది లెక్క ఇదే. సుగ్గికి పోయే బండ్లు గుంటూరు దిక్కు, తెలంగాణ దిక్కు కదిలినంక ఊర్లో మిగిలేది ముసలోళ్లు, గొడ్లు, అవ్వల కాడ ఇడిసిపెట్టిన కొందరు పిల్లోళ్లు. వీళ్లతో పాటు ఇంకొకరు కూడా మిగుల్తారు. వలస మీద వచ్చే వార్తల్లో వాళ్ల మాట పెద్దగా కనపడదు. తలకాయ జబ్బు వచ్చి, మాత్రలు మింగుతా, పొద్దస్తమానం ఇంటి అరుగు మీద కూసోని ఉండే మనుషులు.

అట్లాంటి మనిషి ఉన్న ఇంట్లో సుగ్గికి ముందు జరిగే లెక్క వేరే ఉంటాది. తోడుకోని పోతే ఆడ పొలం గట్టున వేసుకున్న గుడిసెలో ఎవరు చూసుకోవాల? కోసినంత కూలి. ఒకరు కాపలా కూసుంటే ఇద్దరి కూలి పాయ. ఇడిసిపోతే ముసలవ్వ చెప్తే వింటాడా, మాత్ర మింగుతాడా? నేను చూసినంతలో శానామంది ఇడిసేపోతారు. మూడు నాలుగు నెలలకు తిరిగొచ్చేటప్పటికి మాత్రలు అయిపోయి ఉంటాయి, జబ్బు మల్ల మొదటికొచ్చి ఉంటాది. ఇంగ కర్నూలు పెద్దాసుపత్రి, లేదంటే బెంగుళూరు నిమ్హాన్స్. సుగ్గి దుడ్లు దారి ఖర్చుకు, మందులకు సరిపోతాయి.

ఈ మాట ఇప్పుడు ఏమిటికి ఎత్తుతాండానంటే, మన జిల్లాలో రెండు విషయాలు నడుస్తాండాయి. ఒకటి, వికలాంగుల పింఛన్ల సర్టిఫికెట్లను మల్ల పరీక్ష చేసేది. 2025 ఆగస్టులో నోటీసులు వచ్చినప్పుడు ఊరూరా ఎంత గగ్గోలు అయిందో చూసినాము. రెండోది, ఆదోని మెడికల్ కాలేజీని సర్కారే నడపాల్నా, పీపీపీ కింద ప్రైవేటోళ్ల చేతికియ్యాల్నా అనే రచ్చ. రెండింటి మీదా మైకులు పగిలేటట్ల మాట్లాడినారు. మతి చెడి, మందులతో కుదుటపడిన మనిషికి పొద్దున లేసినంక చేసేకి ఒక పని కావాల, ఆ పని కూడా వైద్యంలో భాగమే అన్న మాట మటుకు ఏ వేదిక మీదా నా చెవిన పడలేదు.

మా సొంతంలో ఒకాయనను ఒక ఊరి ఆసుపత్రికి తోడుకోని పోయినప్పుడు డాక్టరు మూడు ప్రశ్నలు అడిగినాడు. నిద్ర పోతాండాడా, అన్నం తింటాండాడా, చెవిలో మాటలు తగ్గినాయా. అన్నిటికీ అవునంటిమి. రెండు నెలలకు మాత్రలు రాసిచ్చినాడు. "సార్, పొద్దంతా ఊరికే పడుకోని ఉంటాడు, ఏం చెయ్యాల?" అంటే, "ఏమన్నా పని చెప్పండి" అన్నాడు. అంతే. బయట ఇంగా అరవై మంది నిలబడి ఉండారు, ఆయన్ను అనేకి లేదు. కానీ ఆ "ఏమన్నా పని" అనే మాటలోనే మొత్తం కథ ఉండాది. ఏ పని, ఎంతసేపు, ఎవరి పక్కన నిలబడి, ఏ మెట్టు నుంచి ఏ మెట్టుకు? అది చెప్పేదే ఒక చదువు. దాని పేరు ఆక్యుపేషనల్ థెరపీ.

స్కిజోఫ్రేనియా మాదిరి జబ్బులో మాత్రలు ఏం చేస్తాయో తెలుసుకుంటే దీని అవసరం అర్థమైతాది. చెవిలో వినపడే గొంతులు, లేని అనుమానాలు, ఇవి మందులకు బాగానే లొంగుతాయి. లొంగనిది ఇంకొకటి ఉండాది. లేయాలనిపించకపోవడం, ఎవరితోనూ కలవాలనిపించకపోవడం, మొదలుపెట్టిన పని నడుమలో మర్చిపోవడం. దీన్ని మాత్రలు అంతగా కదిలించలేవు. పైగా కొన్ని మందులు మత్తు కూడా ఇస్తాయి. ఊరోళ్లకు ఇదంతా "సోమరోడు అయిపోయినాడు" అన్నట్ల కనపడతాది. ఇంట్లో తిట్లు మొదలైతాయి. తిట్లతో జబ్బు తిరగబెడతాది.

తెలుగులో దీన్ని వృత్తి చికిత్స అని రాస్తాండారు. నాకు ఈ మాట నచ్చదు. వృత్తి అంటే మనకు కులవృత్తి గుర్తొస్తాది, లేదంటే బుట్టలు అల్లేది గుర్తొస్తాది. అసలు సంగతి దినం గడిచే పనులది. స్నానం చేసేది, అంగడికి పోయి సామాను తెచ్చి చిల్లర సరిగా లెక్కపెట్టేది, నలుగురి నడుమ కూసునేది, ఆ తర్వాత కూలికి పోయేది. ఉగ్గాని చేసేదే చూడండి. బొరుగులు తడపాల, పిండాల, ఉల్లిగడ్డ, పచ్చిమిరపకాయ కోయాల, తిరగవాత పెట్టాల, పసుపు, పుట్నాలపొడి వెయ్యాల. మనకు ఇది ఒకే పని. జబ్బు పడిన మనిషికి ఇది ఏడెనిమిది పనులు, వరస తప్పితే అంతా పాయ. థెరపిస్టు ఏం చేస్తాడంటే ముందు బొరుగులు తడిపి పిండేదొక్కటే చెప్తాడు. వారం అదే. అది చేతికొచ్చినంక కోసేది. పొయ్యి కాడికి కడాన పోతారు. ఏ మెట్టు కాడ మనిషి ఆగిపోతాండాడో చూసి, ఆ మెట్టును ఇంగా చిన్నది చేస్తాడు. బయటికి చూస్తే ఇది వైద్యం మాదిరే ఉండదు, అందుకే దీనికి దుడ్లు ఇచ్చేకి ఏ సర్కారుకూ చెయ్యి రాదు.

ఇది కొత్తగా పుట్టిన ఆలోచన కాదు. అమెరికాలో 1917లోనే దీనికి ఒక సంఘం పెట్టుకున్నారు. మన దేశంలో 1950లో బొంబాయి కెఇఎం ఆసుపత్రిలో కమలా నింబ్కర్ దీనికి బడి పెట్టినారు. మద్రాసు కీల్పాక్ మానసిక ఆసుపత్రికి 1961లో సూపరింటెండెంటు అయిన డాక్టర్ శారదా మీనన్, రోగులు పని నేర్చుకునేకి ఆడ ఇండస్ట్రియల్ థెరపీ సెంటర్ పెట్టించినారు. మద్రాసు మనకు పరాయిదేం కాదు, 1953 దాకా ఈ సీమంతా మద్రాసు రాష్ట్రమే. రాష్ట్రం విడిపోయి కర్నూలు రాజధాని అయింది గానీ ఆ కీల్పాక్ అవతలే ఉండిపాయ. మన పాలికి వచ్చింది ఆ కొసన ఉన్న విశాఖపట్నం ఆసుపత్రి. తర్వాత హైదరాబాద్ ఎర్రగడ్డ కలిసింది, 2014లో అదీ అవతలికే పాయ.

ఇంతకంటే మనసుకు కొట్టే సంగతి బళ్లారిది. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం అని ఇప్పుడు దేశమంతా నడిచేదానికి మొదటి నమూనా తయారైంది బళ్లారి జిల్లాలోనే. 1985 నుంచి 1990 దాకా నిమ్హాన్స్ వాళ్లు ఆడి ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల డాక్టర్లకు, ఊర్లు తిరిగే ఆరోగ్య కార్యకర్తలకు నేర్పించి, మతి జబ్బులను పల్లెలోనే చూడొచ్చని చేసి చూపించినారు. ఆదోని, ఆలూరు తాలూకాలు 1953 దాకా బళ్లారి జిల్లావే. కోసిగి ఆదోని తాలూకాలోనే ఉండె. అంటే దేశానికి పాఠం చెప్పిన జిల్లా మన పాత జిల్లా. గీత ఇవతల పడినందుకు మనకు ఆ పాఠం అందలేదు. 1996లో నాలుగు జిల్లాలతో ఈ కార్యక్రమాన్ని దేశంలో మొదలుపెట్టినప్పుడు అప్పటి ఆంధ్రప్రదేశ్ నుంచి ఎంచుకున్నది మెదక్‌ను.

సరే, ఆలస్యంగానన్నా కార్యక్రమం మనకూ వచ్చింది. కానీ దాంట్లో ఎవరెవరికి ఉద్యోగం ఉండాదో చూడండి. సైకియాట్రిస్టు, క్లినికల్ సైకాలజిస్టు, సైకియాట్రిక్ సోషల్ వర్కర్, నర్సులు, లెక్కలు రాసేటోళ్లు. ఆక్యుపేషనల్ థెరపిస్టు లేడు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలో సైకాలజిస్టు అంటే ఎవరు, నర్సు అంటే ఎవరు, సోషల్ వర్కర్ అంటే ఎవరు అని ఒక్కొక్కరికీ నిర్వచనం రాసినారు. ఈయనకు లేదు. అదే చట్టం మానసిక వైద్యం అంటే పునరావాసం కూడా కలిసిందే అంటాది. పునరావాసం హక్కు అని రాసి, అది చేసే మనిషి పేరు మర్చిపోతే దాన్నేమనాల?

ఆదోని కాలేజీ గురించి నాకున్న దిగులు ఈడనే. కాలేజీ వస్తే సైకియాట్రీ విభాగం వస్తాది, అది నిబంధన. ఆ విభాగంలో ఒక ఆక్యుపేషనల్ థెరపీ గది ఉంటాదా? స్కానింగ్ మిషను దుడ్లు తెస్తాది. బొరుగులు తడిపేది నేర్పే గది ఏం తెస్తాది? ప్రైవేటు పెట్టుబడి పెట్టినోడు ఆ గదిని మొదట మూసేస్తాడని చెప్పేకి జోతిష్యం రావాల్సిన పనిలేదు. సర్కారే నడిపినా ఆ పోస్టు మంజూరు చేస్తారన్న పూచీ లేదనుకోండి. కడపలో రిమ్స్ ఆవరణలో మానసిక వైద్యశాల కట్టినారు, మంచిదే. కోసిగి నుంచి కడపకు పోయి రావాలంటే ఇద్దరి రెండు దినాల కూలి పోతాది. పని నేర్పే వైద్యం నెలకొకసారి పోయి వచ్చేది కాదు, వారంలో మూడు నాలుగు దినాలన్నా పోవాల. అంటే అది ఆదోని కన్నా దూరంలో ఉంటే మనకు లేనట్లే లెక్క.

ఆసుపత్రి గదిలో నేర్పే పని ఏదనేది కూడా మాట్లాడుకోవాల. శానా తావుల్లో కొవ్వొత్తులు, సుద్దముక్కలు, కవర్లు చేయిస్తారు. కూర్చునే అలవాటు, చేతివాటం వచ్చేకి పనికొస్తాయి, కాదనను. కానీ కోసిగి పిల్లోడు కొవ్వొత్తులు నేర్చుకోని ఇంటికొచ్చి ఏం చేస్తాడు? 1990ల్లో అమెరికాలో రాబర్ట్ డ్రేక్, డెబొరా బెకర్ అనేటోళ్లు దీన్ని తిరగేసినారు. ఏండ్ల కొద్దీ నేర్పి ఆ తర్వాత పనికి పంపేది కాకుండా, ముందు నిజమైన పనిలో పెట్టి, ఆడనే పక్కన నిలబడి నేర్పించేది. దీని మీద జరిగిన పరీక్షల్లో పాత పద్ధతి కన్నా దగ్గర దగ్గర రెండింతల మంది ఉద్యోగాల్లో కుదురుకున్నారు. నిమ్హాన్స్‌లో బేకరీ, రోజెస్ కెఫె నడిపేది చూస్తే కూడా అదే కనపడతాది. ఆడ చేసిన బ్రెడ్డును బయటోళ్లు దుడ్లిచ్చి కొంటారు, కాఫీ తాగేటోడు నిజమైన గిరాకీ. మనకైతే ఆ నిజమైన పని ఉల్లిగడ్డలు తరిగి గ్రేడింగ్ చేసేది, పత్తి తీసేది, గొర్లు మేపేది, ఎమ్మిగనూరు దిక్కైతే మగ్గం కాడ కండెలు చుట్టేది. ఇవన్నీ మెట్లు మెట్లుగా విడగొట్టేకి వచ్చే పనులే. ఊర్లోనే చేయించాల, చూసేకి మనిషి కావాల.

ఆ మనిషి పెద్ద చదువులోడే కానక్కర్లేదు. గోవా, సతారా, తమిళనాడులో చేసి 2014లో లాన్సెట్ పత్రికలో అచ్చేసిన కాప్సీ అనే అధ్యయనంలో ఊర్లోనే ఎంచుకోని శిక్షణ ఇచ్చిన సామాన్యులు ఇండ్లకు పోయి స్కిజోఫ్రేనియా రోగులకు తోడున్నారు. ఫలితం అద్భుతమేం కాదు, ఒక మోస్తరు. కానీ ఆస్పత్రి సేవ ఒక్కటే దొరికినోళ్ల కన్నా మెరుగు, అందులోనూ తమిళనాడు పల్లెల్లో ఎక్కువ మేలు కనపడింది. మన ఊర్లో ఆశా అక్క ఉండాది, ఆమెకు ఇప్పటికే నెత్తిమీద మోయలేనంత పని ఉండాది గాబట్టి ఇంకొకరిని పెట్టాల. ఆదోనిలో ఒక థెరపిస్టు, మండలానికి ఇద్దరు ముగ్గురు ఇట్లాంటి తోడుమనుషులు. నేను అడిగేది ఇంతే.

ఇంతవరకు పని మంచిదని చెప్తా వచ్చినా. పనికి ఇంకో ముఖం కూడా ఉండాది, దాన్ని దాచి మాట్లాడితే మోసం. మన పల్లెల్లో మతి సరిగా లేని మనిషికి పని దొరకదని ఎవరన్నా అంటే నమ్మొద్దు. దొరకతాది, అన్నానికి. పేడ తీసేది, గొడ్లకు నీళ్లు పెట్టేది, దొడ్డి ఊడ్చేది, పొద్దున నుంచి రాత్రి దాకా. పొద్దుగూకితే రెండు రొట్టెలు, పండక్కి పాత బట్టలు. "ఆయప్పకు మేమే దిక్కు, పని చేస్తాంటే తలకాయ కూడా బాగుంటాది" అని ఆ ఇంటోళ్లే అంటారు. పనితో వైద్యం అని మనము అనే మాటనే వాళ్లూ అంటారు, అదీ తమాషా. కూలి ఇయ్యకుండా, ఇడిసిపోయేకి వీల్లేకుండా చేయించుకుంటే అది వెట్టి. వెట్టి 1976లోనే చట్టంతో రద్దయింది.

ఆసుపత్రుల్లో కూడా ఇదే జరిగిన కాలం ఉండాది. రోగులతోనే గుడ్డలు ఉతికించి, తోట పని చేయించి, దాన్ని చికిత్స అనేటోళ్లు. అమెరికాలో 1973లో సౌడర్ కేసులో కోర్టు, రోగి చేసిన పనికి కూలి ఇయ్యాల్సిందే అన్నింది. దాంతో శానా ఆసుపత్రులు కూలి ఇచ్చేకి బదులు పనులే ఎత్తేసినాయి. మన 2017 చట్టం 20వ సెక్షన్‌లో రెండు మాటలూ కలిపి రాసినారు. ఆసుపత్రిలో ఎవరితోనూ బలవంతంగా పని చేయించకూడదు, చేసిన పనికి తగిన కూలి ఇయ్యాల. ఈ ఒక్క వాక్యాన్ని పట్టుకుంటే వైద్యానికి, వెట్టికి నడుమ గీత యాడుందో తెలుస్తాది. అది ఆసుపత్రి గోడల దాకా మటుకే వర్తిస్తాదనేది దాని లోటు. పల్లెలో దొడ్డి ఊడ్చే మనిషికి ఆ గోడ అండ లేదు.

ఇప్పుడు పింఛన్ సంగతి. 2016 వికలాంగుల హక్కుల చట్టం మానసిక జబ్బును కూడా వైకల్యంగా ఒప్పుకుంది. నూటికి 40 పైన ఉంటే మన రాష్ట్రంలో 2024 నుంచి నెలకు 6,000 రూపాయలు. కోసిగి ఇంట్లో అది చిన్న మొత్తం కాదు. ఆ 40ని కొలిచేకి ఐడియాస్ అనే కొలబద్ద వాడతారు. దాంట్లో నాలుగు అంశాలు. తన పని తాను చేసుకునేది, మనుషులతో మెలిగేది, మాట అర్థం చేసుకోని చెప్పేది, నాలుగోది పని. అవును, పని. అంటే మందులు మింగి, ఎవరో తోడు నిలబడి, దినానికి మూడు గంటలు ఉల్లిగడ్డలు తరిగే దాకా వచ్చిన మనిషికి మార్కు తగ్గుతాది. 40 నుంచి 35కు దిగితే ఆరు వేలూ పోతాయి. ఉల్లిగడ్డల మీద వచ్చేది దాంట్లో సగమన్నా ఉంటాదో ఉండదో. బాగుపడిన కొద్దీ ఇంటి ఆదాయం పడిపోతాది.

ఈ లెక్క మనవాళ్లకు డాక్టర్ల కన్నా ముందే తెలుసు. సర్టిఫికెట్ల పరీక్ష అని తెలిసినప్పుడు కొందరు ఇండ్లల్లో "బయటికి పోవద్దు, ఎవరన్నా చూస్తారు" అని పనికి పోతాండే మనిషిని ఆపేసినారు. వాళ్లను దొంగలు అనేకి నాకు నోరు రాదు. కాళ్లు లేని మనిషి పని చేస్తే శభాష్ అంటాము, మతి జబ్బు మనిషి పని చేస్తే నాటకం అంటాము. ఈ జబ్బు ఒక ఏడు బాగుంటాది, ఇంకో ఏడు పడేస్తాది. అందుకే పనిలో కుదురుకునే కాలం, రెండేండ్లనుకుందాం, కొలత ఎంత తగ్గినా పింఛన్ తియ్యకూడదు. ఆ తర్వాత కూడా ఒకేసారి కొయ్యకుండా కూలి పెరిగిన కొద్దీ కొంచెం కొంచెం తగ్గించొచ్చు. ఇది దయ కాదు, దీనికి ఖర్చు కూడా పెద్దగా లేదు. జబ్బు తిరగబెట్టి నెల దినాలు ఆసుపత్రిలో పడుంటే సర్కారుకు అయ్యే ఖర్చును దీని పక్కన పెట్టి చూడండి.

ఆడోళ్ల సంగతి ఇంకో తీరు. మగోడు బాగైనాడా లేదా అని కూలిని చూసి చెప్తారు. ఆడమనిషిని రొట్టెలు కొట్టేది చూసి చెప్తారు. జొన్నరొట్టెలు కొడతాంటే బాగైనట్లే, ఇంగ మాత్రలు దండగ అని మాన్పిస్తారు. ఆమె పొలానికి పోతాదా, నలుగురితో మాట్లాడతాదా, పొదుపు సంఘంలో తన పేరు ఉండాదా, ఇవి ఎవరూ అడగరు. జబ్బు తిరగబెడితే పుట్టింటికి. నేను చెప్పిన తోడుమనుషుల్లో సగం మంది ఆడోళ్లు లేకుంటే ఈ ఇండ్ల తలుపు కూడా తెరుచుకోదు.

ఉపాధి హామీ పని ఉండాది గదా అంటారు. ఉండాది. వికలాంగులకు నీళ్లు అందించేది, పిల్లోళ్లను చూసుకునేది మాదిరి తేలిక పనులు ఇయ్యాలని దాని మార్గదర్శకాల్లోనే రాసుండాది. కానీ మన రాష్ట్రంలో పని శ్రమశక్తి సంఘాల లెక్కన, కూలి కొలత లెక్కన. గుంపు తవ్విన మట్టిని కొలిచి గుంపుకు కూలి కడతారు. నిదానంగా తవ్వే మనిషిని కలుపుకుంటే మిగతావాళ్ల కూలి తగ్గుతాది. వాళ్లూ పేదోళ్లే, ఏమిటికి కలుపుకుంటారు? మతి జబ్బు మనుషులకు కొలతతో పనిలేకుండా దినకూలి కట్టి, ఆ దుడ్లు గుంపు లెక్కలోంచి కాకుండా వేరేగా చూపిస్తే గుంపే పిలుచుకోని పోతాది. ఇది అమరావతిలో ఒక ఉత్తర్వుతో అయ్యే పని.

సుగ్గి మటుకు ఉత్తర్వులతో ఆగేది కాదు, వానలు, నీళ్లు, అప్పులు అన్నీ కుదరాల. అంతదాకా పోయేటోళ్లు పోతానే ఉంటారు, కొందరు ఈ మనుషులను తోడుకోనే పోతారు. వాళ్ల కోసమన్నా కొన్ని పనులు దసరా లోపలే కావాల. మిరప చేలల్లో ఎండ ఎట్లుంటాదో తెలుసు. ఈ మందుల్లో కొన్ని చెమట పట్టకుండా చేసి ఒంట్లో వేడి పెంచుతాయి, కొన్నిటికి చర్మం ఎండకు కమిలిపోతాది. లిథియం మింగే మనిషి చెమట కారి నీళ్లు తాగకుంటే మందే విషమైతాది, చేతులు వణికి, తూలి పడతాడు, పక్కనోళ్లు తాగినాడు అనుకుంటారు. పొద్దున పది లోపల, సాయంత్రం నాలుగు తర్వాత కోయించి, నడుమ నీడలో కాయలు ఏరే పని ఇయ్యాలని మేస్త్రీకి చెప్పేటోళ్లు ఉండాల. నెలకొకసారి వేసే సూదిమందు సరిపడే మనిషికి బండెక్కే ముందే వేసి, రెండోది గుంటూరులో వేయించుకునేకి తెలుగులో ఒక చీటీ రాసియ్యాల. ఆ చీటీ చూపిస్తే ఆడి ఆరోగ్య కేంద్రంలో "మీది ఏ జిల్లా" అని వెనక్కి పంపకుండా మందులు ఇయ్యాల. 14416 టెలిమానస్ నంబరు చీటీ మీదనే అచ్చు కొట్టొచ్చు. జిల్లా మానసిక ఆరోగ్య బృందం కోసిగికి, కౌతాళానికి, పెద్దకడబూరుకు ఏ దినం వస్తాదో ముందుగా దండోరా వేయించి, బండ్లు కదిలే వారం ఊర్లలోనే కూసుంటే ఈ చీటీలు రాసేకి ఎక్కువ కాలం పట్టదు.